ఇంట్లో నాలుగు పిల్లులు, షుగర్ ఒకదానికే: ఎవరి తిండి వాటికి అందేలా చూడటం ఎలా?

పిల్లికి షుగర్ ఉందని డాక్టర్ చెప్పగానే ముందు సూది గుర్తొచ్చి గుండె జారుతుంది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఎలా వేస్తాం, అది మనల్ని దగ్గరికి రానిస్తుందా అని టెన్షన్. ఆ భయం త్వరగానే పోతుంది. సూది చాలా సన్నగా ఉంటుంది. నడుం పక్కన వదులుగా ఉన్న చర్మం కాస్త పైకెత్తి వేస్తే, చాలా పిల్లులు గిన్నెలోంచి మూతి కూడా తీయవు. ఒకటికి మించి పిల్లులున్న ఇంట్లో అసలు చిక్కు గిన్నెల దగ్గరే. షుగర్ ఉన్నది తనది ముగించి పక్కదాని డ్రై ఫుడ్ మీద పడుతుంది. పక్కది వచ్చి దీని చికెన్ లాగించేస్తుంది. సాయంత్రానికి ఎవరు ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఇంట్లో ఒక్కరూ చెప్పలేరు. అది తెలియకుండా ఇన్సులిన్ డోసు కుదరడం కష్టం.

డోసు సంగతి డాక్టర్ చూసుకుంటారు. గిన్నెల సంగతి మనమే చూసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

పిండితో పేచీ ఎందుకు

పిల్లులకు వచ్చే షుగర్ ఎక్కువగా మనుషుల టైప్ 2 లాంటిది. ఏడెనిమిదేళ్లు దాటినవి, ఆపరేషన్ చేయించిన మగపిల్లులు, గడప దాటకుండా తిని బరువెక్కినవి, దురదకో ఆయాసానికో చాలాకాలం స్టిరాయిడ్లు వాడినవి దీని బారిన ఎక్కువ పడతాయి. మనకూ వాటికీ తేడా కాలేయంలో ఉంది. అన్నం తిన్నాక రక్తంలోకి ఒక్కసారిగా వచ్చే గ్లూకోజును పట్టుకోవడానికి మన కాలేయంలో గ్లూకోకైనేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిల్లి కాలేయంలో అది దాదాపు పనిచేయదు. తనకు కావాల్సిన గ్లూకోజును పిల్లి రోజంతా మాంసకృత్తుల నుంచే తయారుచేసుకుంటుంది. వేటాడి తినే జంతువుకు అన్నం, బ్రెడ్డు, మొక్కజొన్న పిండితో పనేముంది?

అందుకే షుగర్ పిల్లి తిండిలో మొత్తం కేలరీల్లో పిండి పదార్థాల వాటా 10-12 శాతం లోపు, మాంసకృత్తుల వాటా 40 శాతం పైన ఉండేలా చూడమంటారు. జబ్బు బయటపడిన కొత్తలోనే ఇన్సులిన్, ఈ తిండి రెండూ మొదలుపెడితే కొన్ని పిల్లులు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అక్కర్లేని స్థితికి వస్తాయి. కుక్కల్లో ఇలా జరగడం చాలా అరుదు. పిల్లిని పెంచేవాళ్లు తిండి మీద ఇంత శ్రమ పడటానికి ఈ ఒక్క ఆశ చాలు.

1. మెనూ మార్చే ముందు డాక్టర్‌కి చెప్పండి

ఉత్సాహంగా ఈరోజే డ్రై ఫుడ్ పారేసి రేపట్నుంచి చికెన్ పౌచ్‌లు మొదలుపెట్టేయాలనిపిస్తుంది. పిల్లి ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉంటే ఇది ప్రమాదం. పిండి తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది, కొన్నిసార్లు కొద్ది రోజుల్లోనే చాలా తగ్గుతుంది. పాత తిండికి సరిపడా రాసిన డోసునే కొత్త తిండి మీద వేస్తూ పోతే షుగర్ పడిపోయి పిల్లికి ఫిట్స్ రావచ్చు. తిండి ఎప్పుడు మారుస్తున్నారో ముందే డాక్టర్‌కి చెప్పండి. ఆ రోజుల్లో షుగర్ ఎన్నిసార్లు చూడాలి, ఎంత చూపిస్తే డోసు తగ్గించాలి అనేవి కాగితం మీద రాయించుకోండి.

ఇంకా ఇన్సులిన్ మొదలుపెట్టని పిల్లయితే ఈ చిక్కు లేదు. ముందు తిండి మార్చేయవచ్చా అని అడగండి, చాలామంది సరే అంటారు.

మీ ఊళ్లో కుక్కల్ని తప్ప పిల్లుల్ని పెద్దగా చూడని క్లినిక్ ఉంటే, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు ఒకసారి తీసుకెళ్లి ప్లాన్ వేయించుకోవడం మంచిది. తర్వాత రోజువారీ విషయాలు దగ్గరి డాక్టర్‌తోనే నడిపించవచ్చు.

2. మిగతా పిల్లుల జాతకాలు కూడా చూడండి

చాలామంది షుగర్ పిల్లికి ప్రత్యేకంగా ఏం పెట్టాలా అని మొదలుపెడతారు. నేనైతే తిరగేసి అడుగుతాను: దీని తిండి మిగతావి తినకూడని కారణం ఏమైనా ఉందా? పిండి తక్కువ, మాంసం ఎక్కువ ఉన్న వెట్ ఫుడ్ ఆరోగ్యంగా ఉన్న ఏ పెద్ద పిల్లికైనా పనికొస్తుంది. అందరికీ ఒకటే మెనూ అయితే ఎవరు ఎవరి గిన్నెలో మూతి పెట్టినా కొంప మునగదు, కాపలా పని సగానికి సగం తగ్గిపోతుంది.

అలా కుదరని ఇళ్లు మూడు రకాలు.

కిడ్నీ జబ్బున్న పిల్లి ఉంటే దానికి భాస్వరం తగ్గించిన తిండి పెట్టాలి. షుగర్ పిల్లికి పెట్టే మాంసం ఎక్కువున్న పౌచ్‌లలో భాస్వరం ఎక్కువగా ఉండొచ్చు. ఈ రెంటి గిన్నెలూ కలవకూడదు. రెండు జబ్బులూ ఒకే పిల్లికి ఉంటే ఏది ముందు అన్నది రక్తపరీక్ష చూసి డాక్టర్ తేల్చాల్సిందే, మనం ఊహించేది కాదు.

మూత్రంలో రాళ్లు వచ్చి అందుకోసం తయారుచేసిన తిండి మీద ఉన్న పిల్లిదీ ఇదే కథ. ముఖ్యంగా మగపిల్లి అయితే మూత్రం బందైపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి దాని తిండి కదపొద్దు.

ఇక పిల్లకూనలు. ఏడాది లోపు వాటికి ఎదిగే వయసు తిండి కావాలి, రోజుకు నాలుగైదు సార్లు కావాలి. కూన తిండి షుగర్ పిల్లి దొంగిలిస్తే కేలరీలు ఎక్కువై బరువు పెరుగుతుంది. కాబట్టి కూనలకు వేరే గది ఇవ్వండి.

ఖర్చు మాటా చెప్పుకోవాలి. మామూలు నాలుగు కిలోల పిల్లి వెట్ ఫుడ్ మీదే బతకాలంటే రోజుకు మూడు నాలుగు చిన్న పౌచ్‌లు పడతాయి. నాలుగు పిల్లులకు డజను పైనే. నెలాఖరుకు బిల్లు చూస్తే మనకు బీపీ వస్తుంది. అంత పెట్టలేకపోతే షుగర్ పిల్లికి మాత్రం పూర్తిగా వెట్ ఫుడ్, మిగతావాటికి పొద్దున ఒక పూట వెట్ ఫుడ్, సాయంత్రం తలుపేసిన గదిలో కొలిచిన డ్రై ఫుడ్ పెట్టండి. ఇది రాజీయే, అయినా బాగానే నడిచే రాజీ.

3. ప్యాకెట్ వెనక లెక్క వేయండి

ప్యాకెట్ మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ రాస్తారు కానీ పిండి శాతం సాధారణంగా రాయరు. మనమే తీయాలి. వందలోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద అన్నీ తీసేస్తే మిగిలేది పిండి. బూడిద అంటే ఖనిజాలు. అది రాయకపోతే డ్రై ఫుడ్‌కు 8, వెట్ ఫుడ్‌కు 2 అనుకోండి.

ఒక డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద ప్రొటీన్ 32, కొవ్వు 12, పీచు 4, తేమ 10 అని ఉందనుకుందాం. బూడిద 8 కలిపితే 66. మిగిలిన 34 పిండి. ఇప్పుడు కేలరీల్లోకి మార్చాలి: ప్రొటీన్‌నూ పిండినీ 3.5తో, కొవ్వును 8.5తో గుణించండి. ప్రొటీన్ 112, కొవ్వు 102, పిండి 119, మొత్తం 333. పిండి వాటా దాదాపు 36 శాతం. షుగర్ పిల్లికి ఇది పనికిరాదు.

ఇదే లెక్క ఒక పౌచ్‌కి వేద్దాం. ప్రొటీన్ 10, కొవ్వు 4, పీచు 1, తేమ 82, బూడిద 2. పిండి ఒక్క శాతం. కేలరీల్లో దాని వాటా 5 శాతం లోపే. బాగుంది. కానీ పౌచ్ అయినంత మాత్రాన మంచిదని నమ్మేయకండి. ప్రొటీన్ 8.5, కొవ్వు 3, మిగతావి అలాగే ఉన్న గ్రేవీ పౌచ్ తీసుకుంటే పిండి 3.5కి చేరుతుంది. చూడ్డానికి చిన్న అంకే, కేలరీల్లో మాత్రం 18 శాతం. గ్రేవీ చిక్కబడటానికి పిండి కలుపుతారు, తేడా అక్కడే వస్తుంది. మెత్తటి ముద్దలా ఉండే రకాల్లో సాధారణంగా పిండి తక్కువ, గ్రేవీ ముక్కల్లో ఎక్కువ. ప్యాకెట్ మీద ప్రొటీన్ ‘కనీసం’ ఇంత, తేమ ‘గరిష్ఠం’ ఇంత అని రాస్తారు కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే. రెండు రకాల్లో ఏది మేలో తేల్చుకోవడానికి సరిపోతుంది.

షుగర్ పిల్లుల కోసమే తయారుచేసిన డ్రై ఫుడ్‌లు కూడా దొరుకుతాయి. మామూలు డ్రై ఫుడ్ కంటే వాటిలో పిండి తక్కువే, మంచి వెట్ ఫుడ్‌తో పోలిస్తే ఎక్కువ. వెట్ ఫుడ్ ముట్టనే ముట్టని మొండి పిల్లికి అవే దిక్కు.

4. ఎంత పెట్టాలి

నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200-240 కేలరీలు చాలు. బరువు తగ్గాల్సిన పిల్లికి ఇప్పుడున్న బరువు కాకుండా ఉండాల్సిన బరువును బట్టి లెక్క వేస్తారు. షుగర్ వచ్చి ఎముకలు తేలిన పిల్లికి మాత్రం కొన్నాళ్లు ఎక్కువే పెట్టమంటారు. ఎందుకంటే ఎంత తిన్నా అది మూత్రంలో పోతూ ఉంటుంది. ఇన్సులిన్ కుదురుకున్నాక ఆ ఆకలి తగ్గుతుంది, అప్పుడు కొలత తగ్గించాలి. ఇది మర్చిపోయి పాత కొలతే పెట్టేవాళ్లు ఎక్కువ. రెండు మూడు నెలల్లో పిల్లి మళ్లీ బస్తాలా తయారవుతుంది.

లావు పిల్లి బరువు వారానికి 1-2 శాతం మించి తగ్గకూడదు. ఆరు కిలోల పిల్లి అంటే వారానికి 60 నుంచి 120 గ్రాములు. అంతకంటే వేగంగా తగ్గినా, రెండు రోజులు ఏమీ తినకపోయినా కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అన్న పట్టుదల పిల్లుల దగ్గర పనికిరాదు.

తూకానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ప్రయాణాల సామాను తూచే వేలాడే డిజిటల్ కాటా ఉంటే బుట్టలో పిల్లిని కూర్చోబెట్టి తూచి, ఖాళీ బుట్ట బరువు తీసేయండి. వారానికోసారి, అన్ని పిల్లులకూ. మీ దొంగ ఎవరో ఈ కాగితమే చెబుతుంది: పెట్టింది ఒకటే అయినా ఒకటి పెరుగుతూ ఇంకొకటి తగ్గుతుంటే గిన్నెలు మారుతున్నాయన్నమాటే.

5. రోజంతా నిండుగా ఉండే గిన్నెను తీసేయండి

చాలా ఇళ్లలో వంటింటి మూల డ్రై ఫుడ్ గిన్నె ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. షుగర్ పిల్లి ఉన్న ఇంట్లో ముందు పోవాల్సింది అది. మనిషి కంటి ముందు లేని గిన్నె నేల మీద ఉండకూడదు అనే ఒక్క నియమం ఇంటిల్లిపాదీ పాటిస్తే మిగతావన్నీ దారిలో పడతాయి.

ఒక్కరోజులో తీసేస్తే మాత్రం రాత్రి రెండింటికి నలుగురూ మంచం చుట్టూ చేరి కచేరీ పెడతారు. మొదటి వారం గిన్నె ఉంచి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే పెట్టండి. తర్వాతి వారం గంటకు కుదించండి. ఆపైన అరగంట. ఇదే సమయంలో డ్రై ఫుడ్‌లో వెట్ ఫుడ్ చెంచా చెంచా పెంచుకుంటూ పోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్ద వాసన రాదని కొన్ని ముట్టవు. పౌచ్‌ను కాసేపు వేణ్ణీళ్లలో ఉంచితే వాసన లేస్తుంది. మొండికేస్తే పైన కాస్త ఉడికించిన చికెన్ నలిపి చల్లండి.

మన ఎండలకు వెట్ ఫుడ్ ఎక్కువసేపు ఉండదు, అరగంటకు మించి బయట ఉంచొద్దు. చీమల బాధకు పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెట్టే పాత ఉపాయమే మంచిది. పిల్లి గిన్నె చుట్టూ చీమల మందు, లక్ష్మణరేఖ గీయొద్దు.

6. ఎవరు ఎక్కడ తినాలి

ఇది నింపాదిగా ఆలోచించాల్సిన విషయం. పిల్లులు కుక్కల్లా గుంపుగా తినే జంతువులు కావు. ఒంటరిగా వేటాడి ఒంటరిగా తింటాయి. వరసగా గిన్నెలు పెట్టి నాలుగూ పక్కపక్కనే తింటుంటే ఫొటోకి బాగుంటుంది. దగ్గరగా చూడండి: ఒకటి తింటూ మధ్యమధ్య తల తిప్పి చూస్తుంది, ఇంకొకటి నమలకుండా మింగుతుంది, భయస్థురాలు రెండు ముద్దలు తిని వెనక్కి జరిగి కూర్చుంటుంది. ఆ వెనక్కి జరిగినదాని గిన్నెలోకే మన షుగర్ వీరుడు వెళ్తాడు. గిన్నెలు ఒకదానికొకటి కనిపించకుండా పెడితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

అందరికంటే సులువైన పద్ధతి తలుపు. షుగర్ పిల్లిని ఒక గదిలో, మిగతావాటిని హాల్లో పెట్టి ఇరవై నిమిషాలు తలుపేయండి. ఒకే పడకగది ఉన్న ఫ్లాట్‌లో బాత్‌రూమ్ పనికొస్తుంది, గ్రిల్ ఉన్న బాల్కనీ పనికొస్తుంది. ఏదీ కుదరకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే బుట్ట చాలు. బుట్టలో తినడం అలవాటైతే ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఆ పరుగులు, గీరుళ్లు కూడా తప్పుతాయి. ముందు బుట్ట తలుపు తీసే ఉంచి లోపల గిన్నె పెట్టండి, తనంతట తాను వెళ్లడం మొదలుపెట్టాకే తలుపు వేయండి.

రెండో పద్ధతి ఎత్తు. షుగర్ ముదిరితే కొన్ని పిల్లులు వెనక కాళ్ల నరాలు బలహీనపడి మడమలు నేలకు ఆనించి నడుస్తాయి, ఎత్తుకు ఎగరలేవు. అప్పుడు మిగతావాటి తిండి బీరువా మీదో కిటికీ అరుగు మీదో పెడితే చాలు. వైద్యం పనిచేస్తున్నకొద్దీ ఆ కాళ్లకు బలం వస్తుంది. ఒకరోజు పిల్లి బీరువా మీద కనిపిస్తే సంతోషించి, ఆ సాయంత్రమే గిన్నెల చోటు మార్చండి.

మూడోది కన్నం. షుగర్ పిల్లి లావుగా, మిగతావి సన్నగా ఉంటే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు సన్నదాని తల, భుజాలు పట్టేంత కన్నం కోసి, అంచులు గీసుకోకుండా టేపు అంటించి, లోపల దాని తిండి పెట్టండి. తలుపుకు గొళ్లెం గొలుసు బిగించి నాలుగు వేళ్ల సందు వదిలినా ఇదే పని చేస్తుంది. లావుది తల దూర్చి ఇరుక్కుపోదని మొదట్లో దగ్గరుండి చూసుకోండి.

నాలుగోది మైక్రోచిప్ ఫీడర్. భుజాల మధ్య చర్మం కింద వేసిన చిప్‌నో, కాలర్‌కి తగిలించిన బిళ్లనో గుర్తుపట్టి ఆ ఒక్క పిల్లికే మూత తెరిచే గిన్నె ఇది. ష్యూర్‌ఫీడ్ లాంటివి అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో మామూలైపోయాయి, ఇక్కడ కొనాలంటే ఖరీదెక్కువ. రోజంతా ఆఫీసులో ఉండేవాళ్లకు డబ్బు పెట్టదగ్గ వస్తువే. దానికీ ఒక లొసుగుంది: హక్కున్న పిల్లి తింటుండగా గడుసుది పక్కనుంచి తల దూరుస్తుంది. ఫీడర్‌ను మూలకు జరిపి, అటూ ఇటూ అట్టలు నిలబెట్టి ఒక్క పిల్లికే చోటుండేలా చేస్తే సరిపోతుంది.

టైమర్ గిన్నెలు వేరు. అవి వేళకు తెరుచుకుంటాయి కానీ ఎవరొచ్చారో చూడవు. షుగర్ పిల్లి ఒక్కటే ఉన్న గదిలో తప్ప వాటి మీద ఆధారపడొద్దు.

7. సూది, తిండి ఒక వేళకు

ఎక్కువ పిల్లులకు ఇన్సులిన్ 12 గంటలకోసారి పడుతుంది. పొద్దున 7, సాయంత్రం 7 అనుకోండి. ముందు అందర్నీ వాటివాటి చోట్లకు పంపి గిన్నెలు పెట్టండి. షుగర్ పిల్లి తినడం మొదలుపెట్టి సగం ముగించాక సూది వేయండి. ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తీసేసి, ఎంత మిగిలిందో రాసి, అప్పుడు తలుపులు తీయండి. గ్లార్జిన్ లాంటి ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లి మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు చిన్న ముద్దలు తిన్నా ఫర్వాలేదు. మొత్తం కొలత దాటకుండా ఉంటే చాలు.

తినకపోతే? పూర్తి డోసు వేయొద్దు, ముందు ఫోన్ చేయండి. సగం తింటే ఎంత, అసలు తినకపోతే ఎంత, వాంతి చేసుకుంటే ఏం చేయాలి అన్నవి ముందే రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఒక పూట సూది తప్పితే పెద్దగా ఏమీ కాదు. అమ్మ వేసిందని తెలియక నాన్న మళ్లీ వేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. సూది వేసినవాళ్లు క్యాలెండర్‌లో ఆ తేదీ మీద టిక్ పెట్టాలి. వేశామో లేదో అనుమానం వచ్చిందంటే వేయనట్టు కాదు, వేసినట్టే లెక్క.

మన దేశంలో ఇంకో సంగతి తప్పకుండా చూసుకోవాలి. మందుల షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ రంగు మూతది 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కు. సాధారణంగా దొరికే గ్లార్జిన్ 100 యూనిట్ల రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత తీస్తే ఒక యూనిట్ బదులు రెండున్నర యూనిట్లు వెళ్తాయి. షాపతను ‘రెండూ ఒకటేనండీ’ అన్నా వినొద్దు, సీసా మీదా సిరంజి మీదా అంకె ఒకటే ఉందో లేదో చూసి తీసుకోండి.

8. చెవి అంచున ఒక చుక్క

ఇంట్లో షుగర్ చూడటం నేర్చుకుంటే తిండి మార్చడంలో ఉన్న భయం చాలావరకు పోతుంది. పిల్లి చెవిని వెలుతురుకు ఎదురుగా పెడితే అంచు వెంట సన్నటి రక్తనాళం కనిపిస్తుంది. పొడవాల్సింది నాళాన్ని కాదు, దానికీ చెవి అంచుకూ మధ్యనున్న సన్నటి చోటును. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెవికి అర నిమిషం ఆనించండి, రక్తం బాగా వస్తుంది. చెవి వెనక మడిచిన దూది అడ్డం పెట్టుకుని లాన్సెట్ అనే చిన్న సూదితో టక్కున ఒక పోటు. ఆవగింజంత చుక్క చాలు, స్ట్రిప్ దానంతటదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో కాసేపు అదిమిపట్టి, వెంటనే ఉడికించిన చికెన్ తునక ఒకటి ఇవ్వండి. ఆ తునక కోసం మా పిల్లి మీటర్ డబ్బా చప్పుడు వినగానే వచ్చి కూర్చుంటుంది. మిగతావీ వస్తాయి, వాటికీ తలో తునక ఇవ్వక తప్పదు.

మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో షుగర్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటరైతే అంకె దగ్గరగా వస్తుంది. ఏది వాడినా ఒక్కటే వాడండి, ఏది వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి. అంకె ఎంతకు దిగితే సూది ఆపాలో ఆయన చేతే రాయించుకోండి. 60 (mg/dL) కంటే కిందికి వెళ్లిందంటే మాత్రం ఫోన్ చేసి ఆలోచించే సమయం లేదు, కింద చెప్పినట్టు వెంటనే తినిపించండి.

9. షుగర్ పడిపోతే

తూలుతూ నడవడం, వణుకు, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, పిలిచినా పలక్కపోవడం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా, తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే ఏది దొరికితే అది పెట్టండి. అప్పుడు డ్రై ఫుడ్ అయినా తప్పులేదు, అందుకే ఒక చిన్న ప్యాకెట్ డబ్బాలో మూతపెట్టి దాచుకోండి. మింగలేకపోతే తేనెనో గ్లూకోజు నీళ్లనో వేలితో చిగుళ్లకు రాయండి, గొంతులో పోయొద్దు. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోతుంది.

దీనికి వ్యతిరేకమైనదీ ఉంది. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీరసంగా పడుకుని, నోటి నుంచి నెయిల్ పాలిష్ తీసే మందు లాంటి వాసన వస్తుంటే అది కీటోఅసిడోసిస్ కావచ్చు, అంటే ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగి రక్తం ఆమ్లంగా మారడం. తెల్లారేదాకా ఆగొద్దు. అమెరికాలో పిల్లుల షుగర్‌కు 2022 డిసెంబరులో బెక్సాకాట్ మాత్ర, 2023 ఆగస్టులో సెన్వెల్గో అనే నోటి మందు అనుమతి పొందాయి. వాటి మీద ఉన్న పిల్లులకు మీటర్‌లో అంకె మామూలుగా ఉన్నా ఈ ప్రమాదం రావచ్చు. కాబట్టి అక్కడ ఆ మందులు వాడుతున్నవాళ్లు పిల్లి ఒక పూట తిండి మానినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

10. పెరుగన్నం, పాలు, పక్కింటి ప్రేమ

మన ఇళ్లలో పిల్లి అంటే పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం. షుగర్ పిల్లికి ఇవన్నీ బంద్. పాలలో లాక్టోజ్ ఉంటుంది, అన్నమంతా పిండే. కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి షుగర్ లేని పిల్లి రక్తాన్నీ దెబ్బతీస్తాయి, కాబట్టి కూరలోని ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ.

ఉప్పు, పసుపు, మసాలా ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్, ముల్లు తీసిన చేప, కాస్త కోడిగుడ్డు చిరుతిండిగా బాగుంటాయి. రోజు కేలరీల్లో పదో వంతు మించకుండా చూడండి. ఒట్టి చికెన్ మీదే పిల్లిని పెంచేస్తామంటే కుదరదు. కండ మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు, ఉడికించి నీళ్లు పారబోస్తే టారిన్ అనే పోషకం కూడా వాటితోనే పోతుంది. టారిన్ తగ్గితే పిల్లి గుండె, కళ్లు దెబ్బతింటాయి. పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే ఏమేం ఎంత కలపాలో డాక్టర్ చేత రాయించుకోవాలి.

పక్కింటి పిన్నిగారు, పైపోర్షన్ తాతగారు ‘పాపం ఎంత చిక్కిపోయిందో’ అని పాలు పోస్తారు. వాళ్లకు పిండి పదార్థాల పాఠం చెప్పొద్దు. ‘పిన్నిగారూ, దీనికి షుగరండీ, ఇన్సులిన్ మీద ఉంది’ అంటే చాలు. మన దగ్గర షుగర్ లేని ఇల్లెక్కడ? ఆ మాట వినగానే ఆవిడే మిగతావాళ్లకు కాపలా కాస్తారు. వీధి పిల్లులకు గేటు దగ్గర తిండి పెట్టే అలవాటుంటే, షుగర్ పిల్లిని లోపల తలుపేసి ఉంచిన ఆ ఇరవై నిమిషాల్లోనే ఆ పనీ ముగించి గిన్నెలు ఎత్తేయండి.

11. ఎవరి మూత్రం, ఎవరి నీళ్లు

షుగర్ అదుపులో ఉందనడానికి ఇంట్లో కనిపించే గుర్తు లిట్టర్ ట్రేలో మూత్రం ముద్దలు చిన్నవి కావడం. నాలుగు పిల్లుల ఇంట్లో ఏ ముద్ద ఎవరిదో తెలియదు. వారంలో ఒక రాత్రి షుగర్ పిల్లిని దాని ట్రే, నీళ్ల గిన్నెతో సహా ఒక గదిలో పడుకోబెట్టండి. నీళ్లు కొలిచి పోసి పొద్దున మిగిలింది కొలవండి, ముద్దలు లెక్కపెట్టండి. ఆ గదిలో డ్రై ఫుడ్ ఉంటే నీళ్ల లెక్క తప్పుతుంది. వెట్ ఫుడ్‌లో ఎనభై శాతం నీళ్లే కాబట్టి దాని మీదికి మారిన పిల్లి గిన్నెలో నీళ్లు తక్కువ తాగడం మామూలే. మిగతా రోజుల్లో నీళ్లు మాత్రం ఇంట్లో నాలుగు చోట్ల ధారాళంగా ఉండాలి. షుగర్ పిల్లి తాగుతోంది కదా అని నీళ్లు తగ్గించడం చాలా పెద్ద తప్పు.

ఇంకో పిల్లి కూడా ఎక్కువ తాగుతున్నట్టు కనిపిస్తే ఒకే తిండి, ఒకే బద్ధకపు జీవితం కదా, దానికీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

12. సంక్రాంతికి ఊరెళ్తే

పిల్లుల్ని చూసుకోవడానికి వచ్చేవాళ్లకు నోటిమాటగా చెబితే ఏదో ఒకటి మర్చిపోతారు. పూటకొక కవర్ చొప్పున కొలిచి, మీద పిల్లి పేరు, పూట రాసి పెట్టండి. ఏ పిల్లి ఏ గదిలో తింటుందో ఫొటో తీసి పంపండి. వచ్చినవాళ్లకు మీ ముందే రెండు పూటలు చేయించి చూడండి, సూదితో సహా. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ తలుపులో ఉండాలి, గడ్డకట్టే చోట కాదు. కరెంటు గంటలకొద్దీ పోయే ఊరైతే ఐస్‌ప్యాక్‌కు గుడ్డ చుట్టి పక్కన పెట్టిన డబ్బా ఒకటి సిద్ధంగా ఉంచాలి.

ఒకవేళ మీ పిల్లి అదృష్టం బాగుండి ఇన్సులిన్ ఆపేసే రోజు వస్తే, సిరంజిలు మానేయండి కానీ గిన్నెల ఏర్పాటు మార్చొద్దు. అలా ఆగిన పిల్లుల్లో కొన్నిటికి షుగర్ మళ్లీ వస్తుంది. కాబట్టి డ్రై ఫుడ్ గిన్నె మళ్లీ వంటింటి మూలకు చేరకూడదు. మొదట్లో వారానికోసారి, తర్వాత డాక్టర్ చెప్పిన వ్యవధిలో చెవి అంచున ఆ చుక్క చూస్తూ ఉండాలి. ఏ కారణానికైనా స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే ఈ పిల్లికి షుగర్ ఉండేదని ముందే చెప్పండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇది మరీ ముఖ్యం.